ఆపిల్ పండు దాటని చదువు

సూళ్ళూరుపేటలో ఒక ప్రైవేటు బడిలో కుముదిని అనే హిందీ టీచరు ఉండేది. పాఠం చెప్పడంలో ఆమెకి వంక పెట్టడానికి లేదు గానీ, పక్కవాళ్ళకి ఇంత మంచి జరిగిందంటే చాలు, ఆ పూట ఆమెకి అన్నం సయించేది కాదు.

అలాగని చెడ్డమనిషి అనుకునేరు, పిల్లలూ! కాదు. జ్వరం వచ్చిన పిల్లని ఆటో ఎక్కించి ఇంటిదాకా దిగబెట్టి వచ్చేది. ఫీజు కట్టలేని వాళ్ళకి ఊరికే హిందీ పరీక్షలకి చదువు చెప్పేది. కానీ తోటి టీచరు కొత్తచీర కట్టుకొస్తే, "బాగుందమ్మా, ఈ రంగు రెండు ఉతుకులకి నిలవదు" అనేది. లెక్కల మాస్టారిని ఎవరైనా మెచ్చుకుంటే, "ఆయనకేం, లెక్కలకి నోరు అక్కర్లేదుగా" అనేది. ఆ ఒక్క బుద్ధీ ఆవిడ కొంప ముంచబోయింది. ఎలాగో చెబుతాను, వినండి.

ఆ ఊరికి దగ్గర్లో జపాను వాళ్ళ ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటిలో పనిచేసే తల్లిదండ్రులు, "మా పిల్లలకి జపనీస్ కూడా చెప్పండి సార్" అని బడి నడిపే శ్రీహరిరెడ్డిగారిని అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు ప్రార్థన అయిపోగానే ఆయన టీచర్లందరినీ పిలిచాడు.

"చూడండమ్మా, వచ్చే జూన్ నుంచి మన బళ్ళో జపనీస్ పెడుతున్నాం. మద్రాసు నుంచి మాస్టర్ని తెచ్చుకునే స్తోమత నాకు లేదు. ఇప్పుడన్నీ ఫోన్లోనే ఉన్నాయంట కదా, మీలోనే ఎవరో ఒకరు నేర్చుకోండి. ఎవరికి బాగా వస్తే ఆ పోస్టు వాళ్ళకి. ఇంకోమాట. హిందీ పీరియడ్లు సగానికి తగ్గుతాయి" అన్నాడు.

చివరిమాట వినగానే కుముదిని గుండెల్లో రాయి పడింది. పీరియడ్లు సగమైతే జీతం సగం, మర్యాద అంతకన్నా సగం. "ఈ పోస్టు నాకు రాకపోతే నేనిక్కడ ఎవరిని?" అనుకుంది. అయినా ధైర్యంగానే ఉంది. ఆ బళ్ళో భాషలంటే కుముదిని టీచరే. అందరి తలలూ ఆమె వైపే తిరిగాయి. ఆమె కొంగు సర్దుకుని చెయ్యెత్తబోయింది.

అంతలో వెనక నుంచి, "నేను కూడా నేర్చుకుంటా సార్" అని ఒక గొంతు వినపడింది.

ఎవరా అని చూస్తే, డ్రాయింగ్ టీచర్ శేషవేణి! పరీక్షలు దగ్గరికి వచ్చాయంటే ఆమె పీరియడ్లన్నీ లెక్కలవాళ్ళూ సైన్సువాళ్ళూ లాగేసుకునేవాళ్ళు. పాపం, ఆమె కిమ్మనకుండా కూర్చుని పిల్లల రికార్డులకి అట్టలు వేసేది. అలాంటిది ఆమె చెయ్యెత్తింది.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందంట!" అని కుముదిని పక్కనున్న ఆవిడ చెవిలో గొణిగింది. ఆ రోజు నుంచి ఆమె కడుపులో కుంపటి రాజుకుంది.

శేషవేణికి ఇవేమీ పట్టలేదు. ఆ సాయంత్రమే నవ్వుకుంటూ వచ్చి, "అక్కా, నువ్వు ఏ యాప్‌లో నేర్చుకుంటున్నావు? నాకు కూడా పెట్టివ్వవా?" అని ఫోను చేతికిచ్చింది. కుముదిని కాదనలేక పెట్టిచ్చింది. ఆ యాప్‌లో ఒక తమాషా ఉంది. పాఠం చేసినకొద్దీ పాయింట్లు వస్తాయి. ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళ పేరు పట్టీలో పైకి వెళుతుంది. మర్నాడు పొద్దున కుముదిని కాఫీ తాగుతూ పట్టీ చూసుకుంది. శేషవేణి పేరు పైన ఉంది. తన పేరు కింద ఉంది.

ఇంకేముంది! కాఫీ చల్లారిపోయింది. పొయ్యి మీద ఉప్మా అడుగంటింది. భర్త పరంధామయ్య వచ్చి, "ఏందే, ఇల్లంతా మాడువాసన?" అంటే, "నా కడుపు మాడుతోంది, దాని వాసన!" అని కసిరింది.

ఆమె గబగబా కొత్తపాఠం తెరిచింది. అది కష్టంగా ఉంది. కొత్తమాటలు, కొత్త అక్షరాలు. ఒకటి చదివేసరికి అరగంట పట్టింది, మధ్యలో తప్పులు వచ్చి పాయింట్లు కూడా తగ్గాయి. విసుగొచ్చి, ఎప్పుడో అయిపోయిన మొదటిపాఠం మళ్ళీ నొక్కింది. "ఇది ఆపిల్ పండు. అది పిల్లి. నీళ్ళూ అన్నమూ ఇవ్వండి." అంతే, టకటకా అయిపోయింది. గలగలమని చప్పుడుతో పాయింట్లు రాలిపడ్డాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ రాలాయి. ఆమె కళ్ళు మెరిశాయి. "ఓహో, ఇదా కిటుకు!" అనుకుంది.

ఆ పూటకే శేషవేణి పేరు కిందికి దిగిపోయింది. కుముదినికి ప్రాణం లేచొచ్చింది. అది మొదలు ఆమె కొత్తపాఠం జోలికి పోతే ఒట్టు. కూర తరుగుతూ ఇది ఆపిల్ పండు. బస్సులో కూర్చుని ఇది ఆపిల్ పండు. గుడిలో ప్రదక్షిణలు చేస్తూ కూడా చెవిలో అదే. పరంధామయ్య ఉండబట్టలేక, "ఏమే, ఆ ఆపిల్ ఇంకా తినడం అవలేదా?" అన్నాడు.

"మీకేం తెలుసు, పట్టీలో నేనే ముందున్నాను!" అంది కుముదిని.

"ముందుంటే సరే. ఆపిల్ తర్వాత ఏం పండు?"

ఆమె విసవిసా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శేషవేణి పేరు మాత్రం రోజురోజుకీ కిందికి జారింది. జారిందని సంతోషించాలా? ఊహూఁ, అసూయకి అంత సుఖం ఎక్కడిది! "ఇంత కిందికి జారినా దాని మొహంలో నవ్వు పోలేదేంటి? వేరే ఏదో పన్నాగం పన్నుతోంది" అని కుముదిని మరింత కుమిలిపోయింది.

దానికి తగ్గట్టు శేషవేణి నుంచి ఫోనుకి ఏవేవో వచ్చేవి. "అక్కా, ఇక్కడ చిన్నపిల్లల కథలు మెల్లగా చదివి వినిపిస్తున్నారు, కింద అక్షరాలు కూడా కనిపిస్తాయి, చూడు" అని ఒకటి. "తేలిక మాటల్లో వార్తలు చెబుతున్నారక్కా, మొదట ఏమీ తెలీదు, వినగా వినగా తెలుస్తుంది" అని ఇంకొకటి. "ఇందులో అక్షరం మీద వేలు పెడితే, ఏ గీత ముందు గియ్యాలో కదిలి చూపిస్తుంది, మనకి ముగ్గు నేర్పినట్టే" అని మరొకటి.

కుముదిని వాటిలో ఒక్కటీ తెరవలేదు. "చూశావా దీని తెలివి! నేనీ కథలు వింటూ కూర్చుంటే, ఆ సందులో తను పాయింట్లు కొట్టేద్దామని!" అనుకుంది. దొంగకి అందరూ దొంగల్లాగానే కనిపిస్తారు మరి. పైగా, కుముదిని పట్టీలో పైకి వెళ్ళినప్పుడల్లా శేషవేణి ఫోను నుంచి చప్పట్లు కొట్టే బొమ్మ వచ్చేది. "వెటకారం! నన్ను చూసి వెటకారం!" అని ఆమె పళ్ళు నూరేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలవేళ, డ్రాయింగ్ గదిలోంచి మాటలు వినపడ్డాయి. కుముదిని కిటికీలోంచి తొంగిచూసింది. శేషవేణి ఎదురుగా ఫోను నిలబెట్టుకుని ఉంది. ఫోనులో ఒక జపాను ముసలావిడ. శేషవేణి పలక మీద చుక్కలు పెట్టి, మెలికల ముగ్గు వేసి చూపిస్తోంది. ఆ ముసలావిడ అది చూసి అక్కడ కాగితం మీద వేసుకుంటూ, పడీపడీ నవ్వుతూ ఏదో చెబుతోంది. శేషవేణి మాటిమాటికీ, "మో ఇచిదో... యుక్కురి..." అంటోంది.

అన్నాలవేళ అయిపోయి గంట కొట్టాక కుముదిని ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఏంది వేణీ, ఎవరావిడ?"

"రిటైరైన టీచరంట అక్కా. వాళ్ళ భాష మనకి, మనకొచ్చింది వాళ్ళకి నేర్పుకునే చోటు ఒకటుంది ఫోన్లో. ఆమెకి ముగ్గులంటే పిచ్చి. నేను ముగ్గులు నేర్పుతున్నా, ఆమె మాటలు నేర్పుతోంది. నీకు కూడా ఒకళ్ళని వెతికిపెట్టేదా?"

"నాకెందుకులే. ఆ మో ఇచిదో ఏంది, మాటమాటకీ అంటన్నావు?"

"మళ్ళీ ఒకసారి, మెల్లగా చెప్పమని అక్కా. ఆమె చెప్పేదాంట్లో నాకు సగం అర్థమై చావదు. అడుగుతా ఉంటా, పాపం విసుక్కోదు."

కుముదిని లోపల్లోపల సంబరపడిపోయింది. 'ఇన్ని నెలలకీ అర్థం కాలేదనే అంటోందా! దీనికి ఈ జన్మకి రాదు' అనుకుని, నేరుగా శ్రీహరిరెడ్డిగారి గదికి వెళ్ళి పట్టీ చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చూసి, "అబ్బో! నీ పేరు పైనుంది, శేషవేణి పాతాళంలో ఉందే! ఇంక అనుకునేదేముంది టీచర్, జూన్‌లో పోస్టు నీదే" అన్నాడు. ఆ రాత్రి కుముదిని పాయసం వండింది.

అక్కడితో కథ అయిపోతే నేనిదంతా చెప్పే పనే లేదు. నవంబరు వచ్చింది. ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన ఒక జపాను ఇంజనీరు తన కూతుర్ని ఈ బళ్ళో మూడో తరగతిలో చేర్చాడు. పిల్ల పేరు మియో. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన శ్రీహరిరెడ్డిగారికి ఒక్కటే ముక్క గట్టిగా చెప్పాడు: అన్నం మేమే పంపిస్తాం, బడిలో ఏదీ పెట్టకండి. శ్రీహరిరెడ్డిగారు తలాడించి, "మన కారాలు తినలేదులే పాపం" అని అందరికీ చెప్పాడు. అందరూ నిజమే అనుకున్నారు. కారం సంగతి తప్ప మనవాళ్ళకి ఇంకోటి తోచదు కదా!

మియో బడికి వచ్చిన తొలిరోజే బాలల దినోత్సవం. ఆటలూ పాటలూ అయ్యాక పిల్లలందరికీ పల్లీ చిక్కీ పంచారు. మియో చేతిలోనూ ఒకటి పెట్టారు. తీపేగా, కారం కాదుగా! ఆ పిల్ల చిక్కీని చూసి, చూసి, బల్ల మీద పెట్టేసి వెనక్కి జరిగింది. పక్కపిల్ల ప్రేమగా తీసి మళ్ళీ చేతిలో పెట్టింది. మియో కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చిక్కీ చూపిస్తూ, తన గొంతు చూపిస్తూ, గబగబా ఏదేదో చెప్పింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"కుముదిని టీచర్‌ని పిలవండి!" అన్నాడు శ్రీహరిరెడ్డిగారు.

కుముదిని వచ్చింది. చుట్టూ బడి మొత్తం ఉంది. పిల్లలూ, టీచర్లూ, ఆయాలూ, అందరి చూపూ ఆమె మీదే. మియో ఆశగా ఆమె వైపు తిరిగి మళ్ళీ గడగడా చెప్పింది. కుముదిని చెవులు రిక్కించి వింది. అందులో ఆపిల్ లేదు. పిల్లి లేదు. నీళ్ళూ అన్నమూ కూడా లేవు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆమె పని.

"ఏమంటోంది టీచర్?" అన్నాడు శ్రీహరిరెడ్డిగారు.

'తెలియదు' అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే, స్టేజీ అవతల రంగుకాగితాలు విప్పుతున్న శేషవేణి, గోల విని ఇటు నడిచి రావడం ఆమె కంటపడింది. అంతే, ఒళ్ళు భగ్గుమంది. 'ఇది వచ్చి నా ముందర మాట్లాడుతుందా? ఇది వచ్చేలోపు నేను తేల్చేయాలి' అనుకుంది.

"ఆకలేస్తోందంట సార్" అని గట్టిగా చెప్పింది. "గొంతు ఎండిపోతోందంట. చిక్కీ గట్టిగా ఉంది, తినలేకపోతోంది."

"అదీ! మన కుముదిని టీచరంటే ఏమనుకున్నారు!" అన్నాడు శ్రీహరిరెడ్డిగారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

చప్పట్లు వినేసరికి ఆమెకి ఇంకా ఊపొచ్చింది. చిక్కీ చిన్నముక్క విరిచి, "రా తల్లీ, ఆఁ అను, ఆఁ" అంటూ పిల్ల నోటిదగ్గర పెట్టింది. మియో మొహం తిప్పుకుంది. కుముదిని గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "సిగ్గు, అంతే" అని నవ్వుతూ కుముదిని ఆ చేతులు విడదీయబోయింది. ఆమె కళ్ళు మాత్రం పిల్ల మీద లేవు, దగ్గరికొస్తున్న శేషవేణి మీదే ఉన్నాయి.

"అక్కా, ఆగు!" అంది శేషవేణి. పరుగున వచ్చి, మియో ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది. అందరూ వింటుండగానే, సిగ్గుపడకుండా, ఆ పిల్ల భాషలో అంది: "నాకు సరిగ్గా అర్థం కాలేదు తల్లీ. మో ఇచిదో... యుక్కురి..."

తన భాష వినగానే మియో ఏడుపు ఆగింది. ముక్కు ఎగబీలుస్తూ, ఈసారి ఒక్కొక్క మాటే విడివిడిగా చెప్పింది. శేషవేణికి అన్నీ తెలియలేదు. మళ్ళీ అడిగింది. పిల్ల మళ్ళీ చెప్పింది. గొంతు అన్న మాట తెలిసింది. ఊపిరి అన్న మాట తెలిసింది. ఆస్పత్రి అన్న మాట తెలిసింది. శేషవేణి మొహం పాలిపోయింది. చిక్కీలోంచి ఒక పల్లీగింజ ఊడదీసి, "ఇదా?" అని చూపించింది. మియో గబగబా తల ఊపింది.

శేషవేణి లేచి నిలబడింది. "సార్, ఈ పిల్లకి వేరుశనక్కాయలు పడవు. తింటే గొంతు వాచిపోయి ఊపిరాడదంట. పోయినసారి ఆస్పత్రిలో పెట్టారంట. ముందు చేతులు కడిగించండి, వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యండి."

కుముదిని చేతిలోని చిక్కీముక్క జారి కిందపడింది. ఆ చిక్కీ పిల్ల పెదాలకి ఎంత దగ్గరగా వెళ్ళిందో ఆమె ఒక్కదానికే తెలుసు. పక్కనున్న బల్ల మీద కూలబడిపోయింది.

కాసేపటికి మియో తల్లి ఆదరాబాదరాగా వచ్చింది. కూతుర్ని కావలించుకుని, నోరూ చేతులూ చూసి, ఏమీ కాలేదని తెలిశాక ఊపిరి పీల్చుకుంది. తర్వాత శేషవేణికి నడుము వంచి దండం పెట్టింది. ఏం జరిగిందో తెలియదు కదా, పక్కనే ఉన్న కుముదినికి కూడా అలాగే వంగి దండం పెట్టింది. చెంపదెబ్బ కొట్టినా కుముదినికి అంత నొప్పి పుట్టి ఉండేది కాదు.

అందరూ వెళ్ళాక ఆమె స్టాఫ్‌రూములో ఒంటరిగా కూర్చుంది. శేషవేణి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, "తాగక్కా. నీకెంత వచ్చినా పిల్ల అంత గబగబా చెబితే ఎవరికి అర్థమవుతుంది? నాకంటే నువ్వెప్పుడూ ముందే కదా, చప్పట్లు కొట్టు, మీ అక్క గెలిచింది అని ఫోను చెబుతానే ఉంటుంది, నేనూ సంతోషంగా కొడతానే ఉంటా" అంది.

"పట్టీలో కిందికి పోయావని నీకెప్పుడూ బాధ వెయ్యలేదా?"

"ఏ పట్టీ అక్కా?"

కుముదిని ఆమె మొహంలోకి చూసింది. అందులో వెటకారం లేదు. ఏ కల్మషమూ లేదు. ఇన్ని నెలలూ తను ఎవరితో పరుగు పెట్టిందో, ఆ మనిషి అసలు పరుగులోనే లేదు.

కుముదిని భోరున ఏడ్చేసింది. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదే వేణీ! అంతా అబద్ధం చెప్పాను. నాకు వచ్చింది ఆపిల్ పండు ఒక్కటే. నువ్వొచ్చేలోపు ఆ పిల్లకి తినిపించెయ్యాలని చూశాను. నీ మీద ఓర్వలేక పసిబిడ్డ ప్రాణం తీయబోయానే!"

శేషవేణి వెంటనే 'పర్లేదక్కా' అనలేదు. చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా, "పిల్ల నోరు మూసుకుంటే నువ్వు చేతులు లాగావక్కా. అది నేను చూశాను. నాకు కోపంగానే ఉంది" అంది. కాస్త ఆగి, "మా ముగ్గుల అవ్వ నాకు మొట్టమొదట ఏం నేర్పిందో తెలుసా? అర్థం కాలేదు అని చెప్పడం. అది వచ్చాకే తక్కినవన్నీ వస్తాయంది" అంది.

కుముదిని కళ్ళు తుడుచుకుని లేచింది. నేరుగా శ్రీహరిరెడ్డిగారి గదిలోకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది. "పోస్టు శేషవేణికివ్వండి సార్. నన్ను ఏం చేసినా సరే, ఆ పిల్ల తల్లికి మాత్రం నిజం నేనే చెబుతాను" అంది. ఆయన చాలా కోప్పడ్డాడు. కోప్పడాల్సిందే మరి! మర్నాడు కుముదిని మియో తల్లి ఎదుట తలవంచుకుని నిలబడి అంతా చెబితే, ఆ మాటల్ని శేషవేణి జపనీస్‌లో చెప్పింది. ఆ తల్లి అంతా విని, పిల్లని దగ్గరికి లాక్కుంది. ఈసారి ఆమె వంగి దండం పెట్టలేదు.

జూన్‌లో శేషవేణి జపనీస్ టీచరయింది. కుముదినికి సగం పీరియడ్లే మిగిలాయి. ఆ ఖాళీ పీరియడ్లలో ఆమె మూడో తరగతి పిల్లల వెనకాల, ఆఖరి బెంచీ మీద కూర్చుని శేషవేణి పాఠం వినేది. ఇంటికొచ్చి, శేషవేణి ఎప్పుడో పంపితే తెరవకుండా పడున్నవన్నీ ఒక్కొక్కటీ తెరిచింది. పిల్లల కథలు వింది, వేలితో అక్షరాలు గీసింది. పట్టీలో ఆమె పేరు అట్టడుగుకి పోయింది. ఆమె చూసుకోలేదు.

ఒకరోజు పరంధామయ్య కాఫీ తాగుతూ, "ఏమే, ఆ ఆపిల్ చప్పుడు వినపడటం లేదు?" అన్నాడు.

"ఉండండి, కథ వింటున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు, మళ్ళీ వినాలి" అంది కుముదిని. ఆ మాట అన్నందుకు ఆమెకి ఏమాత్రం సిగ్గు వెయ్యలేదు.

విన్నారుగా పిల్లలూ! పక్కవాళ్ళని దాటాలని చదివితే పేరు పైకి వెళుతుందేమో గానీ, ఓర్వలేక నేర్చిన విద్య అక్కరకు రాదు.